గ్రహవిజ్ఞానం వీధిలోకి వచ్చిన దారి

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 తాలూకు 'విక్రమ్' లాండరు చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. దేశంలో అనేక బడుల్లో లాగానే మా ఉన్నత పాఠశాలలోనూ ఆ దృశ్యాన్ని పిల్లలకు చూపించే ఏర్పాటు చేశాము. బడి వేళ అయిపోయినా పిల్లలు ఇళ్లకు పోలేదు. కొందరి తల్లిదండ్రులు కూడా వచ్చారు. లాండరు నేలను తాకిందని ప్రకటించగానే చప్పట్లు మోగాయి, జెండాలు వూపారు, చాక్లెట్లు పంచారు. తెలుగు పండితుణ్ణి కాబట్టి నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఇన్నాళ్లూ కవులకు ఉపమానంగా మాత్రమే వున్న చంద్రుడు నేటితో మన వాకిలి అయ్యాడని చెప్పాను. దానికీ చప్పట్లు కొట్టారు.

అందరం బయటికి వస్తుండగా తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నన్ను ఆపి, వేలు పైకెత్తి, "సార్, చంద్రుడు ఇక్కడున్నాడు" అన్నది. ఆ రోజు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. మబ్బుల సందున, దక్షిణం వైపున, సగం చంద్రుడు తెల్లగా కనిపిస్తున్నాడు. మూడువందల మందిమి గంటసేపు తెర మీది చంద్రుణ్ణి చూశాము. తల మీద వున్న చంద్రుణ్ణి ఆ పిల్ల తప్ప ఎవరూ చూడలేదు. "అక్కడ ఇప్పుడు పగలా సార్, రాత్రా?" అని అడిగింది. "మనకు పొద్దుగూకుతున్నది కదమ్మా, అక్కడా రాత్రే" అన్నాను.

అది తప్పు. లాండరు దిగిన చోట అప్పుడు ఉదయం. ఎండతో పనిచేసే పలకలు వున్న యంత్రం కనుక, అక్కడ తెల్లవారిన తరువాతనే దిగేటట్టు శాస్త్రజ్ఞులు సమయం నిర్ణయించారు. సాక్ష్యం కోసం ఏ పుస్తకమూ తిరగేయనక్కర లేదు. ఆ అమ్మాయి చూపించిన సగం చంద్రుడే సాక్ష్యం. వెలుగుతున్న ఆ సగంలోనే, దాని కింది అంచుకు దగ్గరగా, విక్రమ్ నిలబడి వున్నది. వెలుతురు వున్న చోట పగలు కాక మరేమిటి? పద్యాల్లో చంద్రకళలను ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న నాకు ఆ సంగతి తట్టలేదు. మరునాడు తరగతిలో తప్పు ఒప్పుకున్నాను. కాని అంతటితో ఆ విషయం నన్ను వదలలేదు. ఆ సాయంత్రం మేము పిల్లలకు నిజంగా ఏమి పంచాము? విజ్ఞానాన్నా, లేక విజ్ఞానం సాధించిన విజయపు సందడినా?

ఈ ప్రశ్నతో గ్రహవిజ్ఞానం సామాన్య జనానికి చేరిన చరిత్రను కొంత చదివాను. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. సాహిత్య విద్యార్థిగా చదివాను. ఆ చదువులో నాకు తేలినది ఒకటే. ఆకాశాన్ని జనానికి పంచడమంటే మూడు పంచడం: చూసే అవకాశం, చెప్పుకునే భాష, ప్రశ్నించే హక్కు. ఈ మూడింటిలో ఏది తగ్గినా మిగిలేది ప్రదర్శన మాత్రమే. భాష ఇందులో మూడోవంతు కాబట్టి ఇది రచయితలు పట్టించుకోవలసిన విషయమని కూడా నాకు అర్థమయింది.

గ్రహాలను కంటితో చూపించే ప్రయత్నం గెలీలియోతో మొదలయింది. ఆ ప్రయత్నం తొలిరోజుల్లోనే ఒక పరాజయం వుంది. 1610 జనవరిలో ఆయన తన దూరదర్శినిని గురుగ్రహం వైపు తిప్పి, దాని చుట్టూ తిరిగే నాలుగు చుక్కలను కనిపెట్టాడు. మార్చిలో ఆ సంగతి లాటిన్ భాషలో పుస్తకంగా అచ్చయింది. ఏప్రిల్‌లో బొలోన్యా నగరంలో ఒక ఆచార్యుని ఇంట ఇరవై మందికి పైగా పండితులను కూర్చి తన టెలిస్కోపులో ఆ చుక్కలను చూపించబోయాడు. ఎక్కువమందికి కనిపించలేదు. భూమి మీది వస్తువులకు ఈ గొట్టం బాగానే పనిచేస్తున్నది, ఆకాశానికి వచ్చేసరికి మోసం చేస్తున్నదని ఆ సభలో వున్న ఒక యువకుడు కెప్లర్‌కు ఉత్తరం రాశాడు. గెలీలియో మరునాడే అక్కడినుంచి వెళ్లిపోయాడు.

దీన్ని పండితుల మూర్ఖత్వంగా చెప్పి నవ్వుకోవడం మామూలు. ఒక ఉపాధ్యాయుడుగా నాకు వేరే సంగతి కనిపిస్తున్నది. గొట్టానికి కన్ను ఆనించినంత మాత్రాన చూపు రాదు. గెలీలియో కంటికి ఎన్నో రాత్రుల అలవాటు వుంది, ఆ అతిథులకు లేదు. ఏమి చూడాలో, ఎక్కడ చూడాలో, చూసినది రేపు ఎట్లా మారుతుందో ఎవరో పక్కన నిలబడి చెప్పాలి. అంటే పరికరంతో పాటు మాట కూడా కావాలి.

ఆ మాట ఏ భాషలో వుండాలన్న ప్రశ్నకు గెలీలియో తొందరలోనే జవాబు చెప్పుకున్నాడు. సూర్యుడి మచ్చల మీద ఆయన రాసిన లేఖలు 1613లో ఇటాలియన్ భాషలో వెలువడ్డాయి. ఎందుకట్లా రాశాడో 1612లో ఒక మిత్రుడికి వివరించాడు. బుద్ధి వుండి కూడా విశ్వవిద్యాలయం గడప తొక్కలేక, లాటిన్ రాక, ఇవన్నీ తమకు అందని గొప్ప విషయాలని జీవితాంతం అనుకునేవారు ఎందరో వున్నారని, ప్రకృతి తన పనులు చూడడానికి వారికీ కళ్లిచ్చిందని, అర్థం చేసుకోవడానికి మెదడూ ఇచ్చిందని ఆయన అభిప్రాయం. 1632లో వచ్చిన 'సంవాదం' కూడా ఇటాలియన్‌లోనే వుంది. పైగా అది శాస్త్రగ్రంథంలాగా సూత్రాలతో నడవదు. ముగ్గురు మనుషులు నాలుగు రోజులపాటు కూర్చుని చేసుకునే సంభాషణగా నడుస్తుంది. ఆ ముగ్గురిలో ఒకడు కొత్త సిద్ధాంతం తెలిసినవాడు, ఒకడు పాత శాస్త్రాన్ని పట్టుకున్నవాడు, మూడోవాడు ఏ పక్షమూ కట్టకుండా వినే తెలివైన గృహస్థు. ఈ మూడోవాడు సాహిత్యరీత్యా చాలా ముఖ్యమైన పాత్ర. శాస్త్రాన్ని గురించిన పుస్తకంలో ప్రశ్నించే సామాన్యుడికి కుర్చీ వేశాడు గెలీలియో. మరుసటి ఏడాది, 1633లో, ఆయన మీద జరిగిన విచారణకు కారణాలు అనేకం. అయితే అది లాటిన్ దాటి జనభాషలోకి వచ్చిన పుస్తకమన్న సంగతి కూడా మనం మరిచిపోరాదు.

జనభాషలోకి వచ్చిన ప్రతిదీ మేలే చేస్తుందా? చేయదు. దీనికి అంగారకుడి కథ గట్టి ఉదాహరణ. 1877లో మిలాన్ నగరపు శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి అంగారకుడి మీద సన్నని గీతలు కనిపిస్తున్నాయని చెప్పి వాటిని 'కనాలీ' అన్నాడు. ఆ ఇటాలియన్ మాటకు సహజమైన పాయ అనీ, చాలు అనీ అర్థం చెప్పుకోవచ్చు. ఇంగ్లీషులోకి అది 'కెనాల్స్'గా పోయింది, అంటే తవ్విన కాలువలు. కాలువ వుంటే తవ్వినవాడు వుండాలి కదా! అమెరికాలో పెర్సివల్ లోవెల్ అనే ధనికుడు 1894లో ఆరిజోనా రాష్ట్రంలో వేధశాల కట్టించి, ఆ గీతలను పటాలుగా గీసి, ఎండిపోతున్న గ్రహం మీద బుద్ధిజీవులు ధ్రువాల మంచునీటిని పొలాలకు పారించుకుంటున్నారని పుస్తకాలు రాశాడు, ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆయన చక్కని వక్త. సభలు కిక్కిరిసిపోయేవి. 1898లో వెల్స్ రాసిన అంగారకవాసుల దండయాత్ర నవల కూడా ఆ వాతావరణంలో పుట్టినదే.

ఈ భ్రమను ఎదిరించినవారిలో కొందరు బడిపిల్లలు వున్నారంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. 1903లో మాండర్ అనే ఖగోళజ్ఞుడు, గ్రీనిచ్‌లోని ఒక బడి ప్రధానోపాధ్యాయుడు కలిసి ఒక ప్రయోగం చేశారు. అంగారకుడి బొమ్మ మీద గీతలు ఏవీ లేకుండా, అక్కడక్కడా చుక్కలు, మరకలు పెట్టి, పిల్లలను రకరకాల దూరాల్లో కూర్చోబెట్టి, కనిపించినది కనిపించినట్టు గీయమన్నారు. కొంత దూరాన కూర్చున్న పిల్లలు ఆ చుక్కలను కలుపుతూ నిటారు గీతలు గీశారు. కాలువలు అంగారకుడి మీద లేవు, చూసేవాడి కంటిలో వున్నాయి అన్నమాట. 1907లో, ఎనభై దాటిన వయసులో, ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఒక పుస్తకం రాసి, అంత చల్లని పలుచని గాలిలో కాలువనీళ్లు పారవని వాదించాడు. 1965 జులైలో మారినర్-4 నౌక అంగారకుడి పక్కగా పోతూ ఇరవైకి పైగా ఫొటోలు పంపింది. వాటిలో గుంటలు వున్నాయి గాని కాలువలు లేవు.

లోవెల్ జనానికి కథ ఇచ్చాడు, చూపు ఇవ్వలేదు. మాండర్ పిల్లల చేతికి పెన్సిలు ఇచ్చాడు. ఇద్దరూ జనం దగ్గరికే వెళ్లారు. ఒకరు వినమన్నారు, ఒకరు చూసి చెప్పమన్నారు. ఒక్క మాట అనువాదంలో జారితే ఎనభై ఏళ్లపాటు ఒక గ్రహం మీద కాలువలు పారాయి. అనువాదకులమని, రచయితలమని చెప్పుకునేవాళ్లం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక నాకు అందరికంటే ఆత్మీయుడుగా తోచిన వ్యక్తి యాకొవ్ పెరెల్మాన్. మన తరానికి ముందు తరం తెలుగు పాఠకులకు ఆయన కొత్తవాడు కాడు. సోవియట్ పుస్తకాలు చవకగా దొరికిన రోజుల్లో ఆయన భౌతికశాస్త్ర పుస్తకం తెలుగులోనూ వచ్చి ఎందరో విద్యార్థుల చేతుల్లో నలిగింది. ఆయన చదివింది అడవుల శాస్త్రం. విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కాడు. పదహారు పదిహేడేళ్ల వయసులో, 1899లో, ఆయన మొదటి వ్యాసం ఒక జిల్లా పత్రికలో అచ్చయింది. ఆ ఏడాది నవంబరులో ఆకాశం నుంచి నిప్పులవాన కురిసి లోకం అంతమవుతుందని పుకారు పుట్టి జనం భయపడుతున్నారు. నిజానికి అది ఉల్కలు రాలే కాలం. ఆ కుర్రవాడు ఆ నిప్పులవాన గురించే రాశాడు. భయపడేవారిని వెక్కిరించకుండా, ఉల్కలంటే ఏమిటో, అవి ఎక్కడినుంచి వస్తాయో చెప్పాడు. లోకం అంతం కాలేదు సరిగదా, ఆ ఏడాది ఎదురుచూసినంత ఉల్కాపాతం కూడా జరగలేదు.

1915లో పెరెల్మాన్ 'గ్రహాంతర ప్రయాణాలు' అనే పుస్తకం వెలువరించాడు. అప్పటికి మనిషి చేసిన ఏ యంత్రమూ భూమి గాలిపొర దాటలేదు. రాకెట్టుతోనే ఆ ప్రయాణం సాధ్యమని సిద్ధాంతం చేసిన త్సియోల్కోవ్‌స్కీ కలూగా అనే చిన్న వూళ్లో బడిపంతులు. చిన్నతనాన జబ్బుచేసి వినికిడి పోగొట్టుకున్నవాడు. 1903లో ఆయన ప్రచురించిన వ్యాసాన్ని చదివినవారు బహు కొద్దిమంది. ఆ బడిపంతులు లెక్కలను మామూలు మనుషుల మాటల్లోకి తెచ్చినవాడు పెరెల్మాన్. 'సైన్సు ఫిక్షన్'కు సమానమైన రష్యన్ మాటను మొదట వాడినది కూడా ఆయనే అంటారు. 1935లో లెనిన్‌గ్రాడ్‌లో కొందరు మిత్రులతో కలిసి 'వినోద విజ్ఞాన గృహం' తెరిచాడు. అందులో ఖగోళానికి, భౌతికశాస్త్రానికి, గణితానికి, భూగోళానికి విడివిడి గదులు. మామూలు ప్రదర్శనశాలల్లో 'తాకరాదు' అని పలకలు వేలాడుతుంటాయి. ఇక్కడ వస్తువులను ముట్టుకుని, తిప్పి, వూపి చూడడమే పద్ధతి.

1941లో యుద్ధం వచ్చింది. ఆ గృహం మూతపడింది. నగరాన్ని శత్రువు ముట్టడించాడు. ఆ ముట్టడిలో, తిండి లేని రోజుల్లో, అరవై ఏళ్లకు దగ్గరపడిన ఆ మనిషి కాలినడకన పోయి సైనికులకు, గెరిల్లాలకు పాఠాలు చెప్పాడు. ఏ పరికరమూ లేకుండా సూర్యుణ్ణీ నక్షత్రాలనూ చూసి దిక్కు ఎట్లా తెలుసుకోవాలో, దూరం ఎట్లా అంచనా కట్టాలో చెప్పాడు. 1942 మార్చిలో ఆకలితో చనిపోయాడు. అంతకు కొద్ది వారాల ముందే ఆయన భార్య కూడా పోయింది.

"ఆకలితో వున్నవాడికి అంగారకుడెందుకు?" అని మన సభల్లో తరచు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చంద్రయాన్-3కు సుమారు 615 కోట్ల రూపాయలు ఖర్చయిందని లెక్క చెబుతారు. అది మన పన్నుల డబ్బు. అందుకే అక్కడ ఏమి తెలిసిందో తెలుసుకునే హక్కు మనది అని నా జవాబు. ఆకలికీ ఆకాశానికీ మధ్య పోటీ పెట్టనవసరం లేదని పెరెల్మాన్ జీవితం చెబుతున్నది. దారి తప్పినవాడికి ధ్రువనక్షత్రం విలాసవస్తువు కాదు.

వస్తువును ముట్టుకోనివ్వడం ఒక గృహంలో జరిగిన పని. టెలిస్కోపును రోడ్డు మీదికే ఈడ్చుకొచ్చినవాడు జాన్ డాబ్సన్. ఆయన 1915లో చైనాలో పుట్టాడు. కాలిఫోర్నియాలో రసాయనశాస్త్రం చదివి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో సన్యాసిగా చేరాడు. ఓడ కిటికీలకు వాడే పాత గాజుపలకలను చేతితో అరగదీసి అద్దాలు చేశాడు. అట్టగొట్టాలు, చెక్కపెట్టెలతో టెలిస్కోపులు కట్టాడు. రాత్రిపూట వాటిని వీధుల్లోకి తీసుకుపోయి పిల్లలకు చంద్రుణ్ణీ శనినీ చూపించేవాడు. 1967లో ఆయన మఠం విడిచిపెట్టవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఆయన శిష్యులతో 'కాలిబాట ఖగోళజ్ఞులు' అనే బృందం ఏర్పడింది. దారిన పోయేవారిని ఆపి, డబ్బు అడగకుండా చూపించడమే వారి పని. చెక్కపెట్టెలో కుండలాగా తిరిగే ఆయన టెలిస్కోపు నమూనా ఇప్పుడు ప్రపంచమంతటా ఆయన పేరుతోనే వాడుకలో వుంది. దానికి పేటెంటు తీసుకోలేదు. 2014 జనవరిలో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో చనిపోయాడు. టెలిస్కోపు ఎంత పెద్దదన్నది కాదు, దానిలో ఎంతమంది చూశారన్నదే ఆయన కొలత. బొలోన్యాలో ఇరవై మంది పండితులకు సాధ్యపడనిది శాన్‌ఫ్రాన్సిస్కో వీధి మూలన సాధ్యపడడానికి కారణం ఒక్క అద్దం మెరుగుపడడమే కాదు. అక్కడ ఒక మనిషి పక్కన నిలబడి, కనిపించేవరకు ఓపికగా చెప్పేవాడు.

మన సంగతికి వద్దాము. తెలుగుగడ్డ మీద గ్రహపరిశీలన కొత్తది కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో వేధశాల కట్టించాడు. దాన్ని తరువాత నడిపిన అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని పరిశీలించాడు. హైదరాబాదులో 1901లో నవాబు జాఫర్ జంగ్ పెద్ద టెలిస్కోపు తెప్పించాడు, నిజామియా వేధశాల అట్లా మొదలయింది. ఇవి గర్వించదగిన పనులే. అయితే విశాఖ పరిశీలన ఇంగ్లీషులో లండన్ పత్రికకు చేరింది. శుక్రుణ్ణి వేగుచుక్క అని పిలుచుకునే రైతుకు ఆ సంగతి ఆయన మాటలో చేరడానికి వేరే మనుషులు కావలసి వచ్చారు. వీరేశలింగం జ్యోతిశ్శాస్త్రం మీద తెలుగులో పుస్తకం రాశారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు హైదరాబాదులో స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి, శాస్త్రాలు తెలుగులో వుండి తీరాలని పట్టుబట్టింది. సంఘసంస్కర్త, చరిత్రకారుడు ఈ పనికి పూనుకున్నారన్నది గమనించాలి. వారిద్దరూ సాహిత్యకారులే.

ఈ ప్రయత్నాలు ఎంతవరకు పల్లెకు చేరాయి? దానికి నా దగ్గర ఒక ఇంటి సాక్ష్యం వుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వచ్చి ఒరిస్సా వైపు సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి జాపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ నీడదారిలో వుంది. శాస్త్రజ్ఞులు పరికరాలతో అక్కడ సిద్ధంగా వున్నారు. అక్కడికి ఎంతో దూరం లేని మా వూరు కూడా ఆ దారిలోనే వుంది. ఆనాడు నేను అమ్మ కడుపులో వున్నాను. గ్రహణం మొర్రి భయంతో మా అమ్మను చీకటి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కదలవద్దని, గోరు కూడా గిల్లుకోవద్దని చెప్పి, తలుపు గొళ్లెం పెట్టారు. వూరంతా తలుపులు మూసుకుంది. ఒక మనిషి జీవితంలో ఒక్కసారి కూడా దొరకని దృశ్యం మా ఇంటి చూరు మీదుగా పోయింది, మావాళ్లెవరూ చూడలేదు. ఒకే ఆకాశం కింద, ఒకే గంటలో, ఒకచోట పరికరాలు ఎదురుచూశాయి, ఒకచోట గొళ్లాలు పడ్డాయి. ఆ రెండింటి మధ్య నడిచి వెళ్లి చెప్పగల మనిషి లేకపోయాడు. తప్పు గొళ్లెం పెట్టిన మా నాయనమ్మది అని నేను అనలేను.

ఆ మనిషి తరువాత వచ్చాడు. 1987లో దేశం నలుమూలల నుంచి బయలుదేరిన భారత జన విజ్ఞాన జాతా, 1988లో మన దగ్గర ఏర్పడిన జన విజ్ఞాన వేదిక, వూరూరా పాటతో, నాటకంతో, చిన్న చిన్న ప్రయోగాలతో తిరిగాయి. 1995 అక్టోబరు గ్రహణం నాటికి నల్లకళ్లద్దాల పలకలతో జనం బయటికి వచ్చి చూడడం దేశమంతా కనిపించింది. పదిహేనేళ్లలో వచ్చిన ఈ మార్పు శూన్యంలోంచి వూడిపడలేదు. వందలమంది బడిపంతుళ్లు సెలవురోజులు ధారపోస్తే వచ్చింది.

ఈ చదువంతా అయిన తరువాత నేను ఏమి చేశానో కూడా చెప్పాలి. 2025 జనవరి తొలివారంలో, మా బడి సైన్సు మాస్టారు అరువు తెచ్చిన ఒక చిన్న టెలిస్కోపును మా వూరి పంచాయతీ ఆఫీసు ముందు పెట్టాము. వేదిక లేదు, మైకు లేదు. వీధిదీపం ఒకటి ఆర్పించాము. పడమట శుక్రుడు, దానికి పైన శని, తూర్పున గురుడు, నడిమి ఆకాశంలో పంచమి చంద్రుడు. డెబ్భై ఎనభైమంది వచ్చారు. శనిని చూసిన ఒక రైతు పెదవి విరిచి, "పుస్తకంల పెద్ద చక్రం ఉంటది గద సారూ, ఇది సూదిలెక్క ఉన్నది" అన్నాడు. ఆయన అన్నది నిజం. శని వలయాలు సుమారు పదిహేనేళ్లకొకసారి మనకు అంచువైపుగా తిరుగుతాయి. 2025లో అదే జరిగింది. 1612లో గెలీలియోకు కూడా ఇట్లాగే శని పక్కన అంతకు ముందు కనిపించినవి మాయమై, ఆయన కలవరపడ్డాడు. అవి వలయాలని అప్పటికి తెలియదు. ఇంకా నలభై ఏళ్లు దాటిన తరువాత గాని హైగెన్స్ ఆ చిక్కు విప్పలేదు. ఆ రైతుకు ఈ కథ చెప్పాను. మళ్లీ వరసలో నిలబడి రెండోసారి చూశాడు.

చివరకు మా అమ్మ వచ్చింది. మొదట ఏమీ కనబడడం లేదన్నది. ఒక కన్ను మూయడం, కళ్లజోడు తీయడం, గొట్టం ముట్టుకోకుండా నిలబడడం, ఇవన్నీ కుదరడానికి అయిదు నిమిషాలు పట్టింది. వెనుక పిల్లలు తొందరపెడుతున్నా సైన్సు మాస్టారు తొందరపెట్టలేదు. తరువాత అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కన్ను తీయకుండానే, "గా గుంటలల్ల ఒకదిక్కు నల్లగ ఉన్నదేంది బిడ్డా? నీడనా?" అని అడిగింది.

నీడే. చంద్రుడి మీద వెలుగు చీకటి కలిసే గీత దగ్గర గుంటల అంచులు నీడలు పరుస్తాయి. 1609 చివరలో గెలీలియో ఆ నీడలు మారే తీరు చూసే, చంద్రుడు నునుపైన గోళం కాదు, మన భూమిలాగే కొండలూ లోయలూ వున్న నేల అని తెలుసుకున్నాడు. బడికి పోని మా అమ్మ తనంతట తాను ఆ ప్రశ్న దగ్గరికి వచ్చింది. "నీడే అమ్మా. అక్కడ ఇప్పుడు పొద్దు పొడుస్తున్నది" అని ఈసారి సరిగ్గా చెప్పాను. "మరి పగలు ఎంతసేపుంటది?" అన్నది. "మనకు ఒక పక్షమంత" అన్నాను. ఆమెకు వెంటనే అర్థమయింది. తిథులతో ఉపవాసాలు లెక్కపెట్టుకున్న మనిషి ఆమె. 'పద్నాలుగు భూదినాల చాంద్రదివసం' అని పాఠ్యపుస్తకం భాషలో చెప్పివుంటే, ఇంగ్లీషు మాటలు గుప్పించి వుంటే, నిలబడి విని తల వూపి పోయేది. పక్షం అనే ఒక్క మాట ఆమె దగ్గర ముందే వుంది. దానిలో ఒక గ్రహవిజ్ఞాన పాఠం నిద్రపోతూ వుంది. విక్రమ్ లాండరు ఆయుర్దాయం కూడా దాదాపు ఒక పక్షమే. 2023 సెప్టెంబరులో అక్కడ రాత్రి పడింది, మళ్లీ తెల్లవారాక పిలిచినా అది పలకలేదు. ఆ చలిలో బతికేటట్టు దాన్ని తయారు చేయలేదు. అది పనిచేసినన్నాళ్లలో చెప్పిన సంగతుల్లో ఒకటి అమ్మకు చెప్పాను. అక్కడి మట్టి పైన యాభై డిగ్రీలకు పైబడిన వేడి వుంటే, జానెడు లోతుకు కూడా పోకముందే, ఎనిమిది సెంటీమీటర్ల కింద, సున్నాకు పది డిగ్రీలు తక్కువ చలి. "మట్టి గొంగడి లెక్క పనిచేస్తున్నదన్నట్టు" అన్నది. ఉపమానం ఆమెది. నాకు తోచలేదు.

రచయిత మిత్రులకు, సాహిత్య విద్యార్థులకు నేను చెప్పదలచినది ఇదే. మనం చంద్రుణ్ణి వాడుకున్నంతగా మరే వస్తువునూ వాడుకోలేదు. ఆయన మీద మనిషి యంత్రం దిగిన నాడు కూడా ఆయనను మరొక ఉపమానంగానే వాడుకున్నాము. నా ఉపన్యాసమే అందుకు రుజువు. శాస్త్రజ్ఞుడు కొలిచి చెబుతాడు. ఆ కొలతను గొంగడిగా, పక్షంగా, వేగుచుక్కగా జనం మాటలో నిలబెట్టే పని భాష తెలిసినవాళ్లది. ఆ పని మనం చేయకపోతే లోవెల్ వంటివారు చేస్తారు, కాలువలు తవ్విస్తారు. ప్రతి ఆగస్టు 23న ఇప్పుడు అంతరిక్ష దినోత్సవం జరుపుకుంటున్నాము. తెరలు పెట్టండి, పెట్టవద్దనను. ఆ రోజు సభ ముగిశాక పిల్లలతో ఒకసారి బయటికి వచ్చి, చంద్రుడు ఎక్కడున్నాడో, వున్నచోట పగలో రాత్రో వాళ్లనే చెప్పమనండి.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి తరువాత పై తరగతులకు వెళ్లింది. ఆ జనవరి రాత్రి టెలిస్కోపు పక్కన నిలబడి, వచ్చినవారికి ఏ కన్ను మూయాలో చెప్పింది ఆమే.